ఫుట్‌బాల్ అనే మాట ఎవరిది?

నేను పనిచేసే కళాశాల మేడ్చల్‌కు దగ్గరలో ఉంది. డిగ్రీ విద్యార్థులకు అర్థవిపరిణామం పాఠం చెప్పేటప్పుడు తెలుగు ఉపాధ్యాయులందరూ ఇచ్చే ఉదాహరణలే నేనూ ఇస్తుంటాను. ఒకప్పుడు చీర అంటే స్త్రీపురుషులలో ఎవరు కట్టిన వస్త్రమైనా చీరే. ఈనాడు స్త్రీలు కట్టేది మాత్రమే చీర. ఇది అర్థసంకోచం. నూనె అంటే మొదట నువ్వుల నెయ్యి. ఇప్పుడు ఏ గింజను గానుగాడినా వచ్చేది నూనే. ఇది అర్థవ్యాకోచం. కంపు అనే మాటకు ఒకనాడు పరిమళమనే అర్థముండేది. నేడు ఆ మాట వింటే ముక్కు మూసుకుంటాం. ఇది అర్థాపకర్ష. ఈ పాఠం చెబుతుండగా శామీర్‌పేట నుంచి వచ్చే ఒక విద్యార్థి లేచి అడిగాడు: "సార్, ఫుట్‌బాల్ అనే మాట ఇందుల ఏ రకం కిందికొస్తది? మా అన్న సిడ్నీల ఉంటడు. ఆడ ఫుట్‌బాల్ అంటే బంతిని చేతులతోటి పట్టుకొని ఉరికే ఆటనట. మన ఫుట్‌బాల్‌ను వాళ్ళు సాకర్ అంటరట, అదీ ఎక్కిరించినట్టు అంటరట."

తరగతి అంతా నవ్వింది. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఆ అన్న ఉండేది పశ్చిమ సిడ్నీలోని పారమట్టా ప్రాంతంలో. మన తెలుగువారు చాలామంది స్థిరపడిన ఆ వైపు ప్రజానీకం అభిమానించే ఆట రగ్బీ లీగ్. జట్టుకు 13 మంది, చేత బట్టిన కోలబంతి, భుజాలతో ఢీకొనే ఆట. ఆ యువకుడు పనిచేసే చోట తాను చిన్నప్పుడు ఫుట్‌బాల్ ఆడేవాడినని చెబితే తోటివారు మొదట సంతోషించి, తరువాత సంగతి తెలిసి, అది ఫుట్‌బాల్ కాదు, సాకర్ అని సరిదిద్దారట. ఆ సరిదిద్దడంలో కొంచెం చిన్నచూపు కూడా ఉన్నదట. సాకర్ ఆటగాళ్ళు దెబ్బ తగలకముందే నేలమీద పడి దొర్లుతారనీ, గంటన్నర కూర్చుంటే ఒక్క గోలైనా కనబడదనీ, అది డబ్బుతో ఉబ్బిన ఆట అనీ రగ్బీ లీగ్ అభిమానులు తరచుగా అనే మాటలు. వీటన్నిటికంటె వారికి ఎక్కువ కోపం తెప్పించేది మరొకటి ఉన్నది: ఫుట్‌బాల్ అనే పేరును సాకరు తన ఒక్కదాని సొత్తుగా చెప్పుకోవడం.

పని చేసుకు బతికే జనం ప్రేమించే ఒక ఆట, పని చేసుకు బతికే జనమే ప్రేమించే మరొక ఆట మీద ఇంత కక్ష ఎందుకు పెంచుకున్నది? ఆ విద్యార్థికి నేనా రోజున జవాబు చెప్పలేకపోయాను. ఈ వ్యాసం ఆ బాకీ తీర్చుకొనే ప్రయత్నం.

ఇంగ్లండులో ఫుట్‌బాల్ అనే మాట చాలా పాతది. ఊరికి ఊరు ఎదురునిలిచి, నియమమన్నది లేక, తన్నుతూ, పట్టుకు లాగుతూ ఆడిన జానపదుల బంతాటలన్నిటికీ అదే పేరు. పంతొమ్మిదో శతాబ్దంలో సంపన్నుల పాఠశాలలు ఈ ఆటను తీసుకొని తలా ఒక రకమైన నియమావళి రాసుకున్నాయి. 1863లో లండనులో ఫుట్‌బాల్ అసోసియేషన్ ఏర్పడింది. బంతిని చేత బట్టి పరుగెత్తడం, ప్రత్యర్థి కాళ్ళమీద తన్నడం ఉండాలా, కూడదా అన్న వాదంలో కొందరు బయటికి పోయారు. చేతి ఆటవారు 1871లో రగ్బీ ఫుట్‌బాల్ యూనియన్ పెట్టుకున్నారు. రెండు సంస్థల పేర్లలోనూ ఫుట్‌బాల్ ఉన్న సంగతి మనం గమనించాలి. ఆ రోజుల్లో ఎవరూ ఆ మాట నాది అనలేదు. అది ఉమ్మడి ఆస్తి. ఇక సాకర్ అనే మాటను పుట్టించినవారు అమెరికనులూ కారు, ఆస్ట్రేలియనులూ కారు. అసోసియేషన్ అనే మాటను ముక్కచేసి, తోక తగిలించి, సాకర్ అని ముద్దుపేరు పెట్టింది ఇంగ్లండులోని విశ్వవిద్యాలయాల్లో చదివే సంపన్నుల బిడ్డలు. ఆ కాలంలోనే రగ్బీని రగ్గర్ అన్నది కూడా వారే. దొరబిడ్డల ముద్దుపేరు నేడు ఒక దేశంలో వెక్కిరింత అయింది, మరొక దేశంలో అది ఫుట్‌బాల్ తెలియనివాళ్ళ మాట అయింది. అర్థాపకర్షకు ఇంతకంటె మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

ఐతే ఆటలు విడిపోయింది నియమాల దగ్గర కాదు, కూలి దగ్గర. ఉత్తర ఇంగ్లండులోని యార్క్‌షైర్, లాంకషైర్ ప్రాంతాల్లో గనులు, ఉన్నిమిల్లులు, పత్తిమిల్లులు, రేవులు ఉన్నాయి. ఆ శ్రామికులు రెండు ఆటలనూ తమవిగా చేసుకున్నారు. శనివారం మధ్యాహ్నం దాకా మిల్లులో పని. దూరపు ఊళ్ళో ఆట ఉంటే ఆ పూట కూలి పోవలసిందే. దక్షిణాది దొరకు ఆట వినోదం. గని కార్మికునికి ఆ పూట ఆట ఆ పూట గంజి. కాలి ఆట పెద్దలు ఈ సంగతిని ముందుగా ఒప్పుకోక తప్పలేదు. 1883లో బ్లాక్‌బర్న్ ఒలింపిక్ అనే శ్రామికుల జట్టు, ఈటన్ దొరబిడ్డల పాత విద్యార్థుల జట్టును 2–1తో ఓడించి కప్పు తీసుకున్నది. 1885లో ఫుట్‌బాల్ అసోసియేషన్ ఆటగాళ్ళకు జీతమివ్వడాన్ని అంగీకరించింది. రగ్బీ పెద్దలు మాత్రం ససేమిరా అన్నారు. పోయిన పనిపూటకు కూలి ఇప్పించండని ఉత్తరాది క్లబ్బులు 1893లో తీర్మానం పెడితే 282 ఓట్లతో దాన్ని తోసిపుచ్చారు. అనుకూలంగా వచ్చినవి 136. డబ్బు తీసుకోకుండా ఆడడమే పవిత్రమన్నారు. డబ్బున్నవాడు పెట్టిన పవిత్రత అది!

1895 ఆగస్టు 29న హడర్స్‌ఫీల్డ్‌లోని జార్జ్ హోటలులో ఇరవై పైచిలుకు ఉత్తరాది క్లబ్బుల ప్రతినిధులు సమావేశమై వేరుపడ్డారు. ఈనాటి రగ్బీ లీగ్ పుట్టింది ఆ సాయంత్రమే. పోయిన పనిరోజుకు ఆరు షిల్లింగులు మించకుండా ఇవ్వవచ్చునన్నది వారి మొదటి విప్లవం. 1898లో జీతాలనే అంగీకరిస్తూ, ఆటగానికి నిజమైన జీవనోపాధి ఒకటి ఉండి తీరాలని షరతు పెట్టారు. 1906లో జట్టును 15 నుంచి 13కు తగ్గించారు. వేరుపడినందుకు శిక్ష కూడా అనుభవించారు. లీగులో ఒక్కసారి ఆడినవానికి యూనియన్ తలుపులు జీవితాంతం మూసుకుపోయేవి. ఆ యూనియనే 1995 ఆగస్టులో, సరిగ్గా నూరేళ్ళ తరువాత, ఆటగాళ్ళకు డబ్బివ్వడం తప్పు కాదని ప్రకటించింది. నూరేళ్ళు వెలివేసి, నూరో ఏట వెలివేసినవారి మతమే పుచ్చుకున్నది.

మరి ఇంత పోరాట చరిత్ర ఉన్నవారికి యూనియన్ మీద కోపం ఉండడం సహజం. సాకరు మీద ఎందుకు? దీనికి బ్రాడ్‌ఫర్డ్ అనే ఉన్నిమిల్లుల పట్టణం జవాబు చెబుతుంది. వేరుపడిన తరువాత జరిగిన మొదటి పోటీలో, అంటే 1895–96లో, విజేత ఆ పట్టణంలోని మానింగ్‌హామ్ క్లబ్బు. ఎనిమిదేళ్ళు తిరక్కుండానే 1903లో ఆ క్లబ్బు యాజమాన్యం, సాకరులో వసూళ్ళు ఎక్కువగా ఉంటాయని, చేతి ఆటను వదిలేసి బ్రాడ్‌ఫర్డ్ సిటీ అనే సాకరు క్లబ్బుగా మారిపోయింది. 1907లో అదే పట్టణంలోని మరో పెద్ద క్లబ్బు అదే దారి పట్టింది. అభిమానులు దాన్ని మహాద్రోహమని పిలిచారు. బ్రాడ్‌ఫర్డ్ సిటీ 1911లో ఇంగ్లండు కప్పు గెలిచింది. ఒక ఆటను ప్రేమించి మైదానానికి పోయినవానికి ఒకనాడు అక్కడ మరో ఆట ఎదురైంది; నిర్ణయం ఎవరు చేశారో అతనికి కనపడలేదు, కనపడింది కొత్త బంతి మాత్రమే. కోపం యాజమాన్యం మీదికి పోవలసింది, బంతి మీదికి పోయింది.

సాకరు శ్రామికుడు మాత్రం సుఖపడ్డాడా? ఇంగ్లండులో 1901 నుంచి వారానికి నాలుగు పౌన్లకు మించి ఏ ఆటగానికీ ఇవ్వరాదన్న గరిష్ఠవేతన నిబంధన ఉండేది. వేతన పరిమితి పేరుతో ఆ సంకెల, అంకె కొంచెం కొంచెం పెరుగుతూ, 1961 దాకా సాగింది. క్లబ్బు వదిలిపెడితే తప్ప ఆటగాడు మరో క్లబ్బుకు పోలేడు. అంటే ఒకే గనిలో పనిచేసిన అన్నదమ్ములు, ఒకడు కాలి ఆటకు, మరొకడు చేతి ఆటకు పోయి, ఇద్దరూ అదే రకం యజమాని కింద చాకిరి చేసి, పేరు ఎవరిదన్న తగాదాలో ఒకరినొకరు వెక్కిరించుకున్నారన్నమాట.

ఆస్ట్రేలియాలో ఈ తగాదాకు మరో రంగు తోడైంది. సిడ్నీలో 1907లో రగ్బీ లీగ్ పుట్టింది. అక్కడ కూడా కారణం గాయపడ్డ శ్రామిక ఆటగాళ్ళకు పరిహారం దొరక్కపోవడమే. ఆ నగరంలో ఫుట్‌బాల్ అంటే ఆ ఆటే అయింది. మెల్‌బోర్న్‌లో 1859లోనే రాసుకున్న మరొక ఆట ఆ పేరును స్థిరపరచుకున్నది. రెండవ ప్రపంచయుద్ధం తరువాత ఇటలీ, గ్రీసు, యుగోస్లావియా, హంగరీల నుంచి వలసవచ్చిన శ్రామికులు తమ వెంట సాకరును తెచ్చుకున్నారు. తామే క్లబ్బులు పెట్టుకున్నారు. స్థానికులు వలసవారిని తిట్టే మాటను బంతికి తగిలించి దాన్ని వాగ్‌బాల్ అన్నారు. తాము లండను దొరల చేత వెలివేయబడిన చరిత్ర గల లీగ్ అభిమానులు కొందరు, తమకంటె కిందనున్నవారిని అదే తీరున వెలివేశారు. అణచబడ్డవాడు అణచివేతను మరిచిపోడు, కాని ఒక్కొక్కప్పుడు దాన్ని నేర్చుకుంటాడు. 2005లో ఆ దేశపు సాకరు సంస్థ తన పేరులో సాకరు తీసేసి ఫుట్‌బాల్ పెట్టుకున్నప్పుడు మా మాట దొంగిలించారన్న గగ్గోలు బయలుదేరింది. ఇప్పుడు పారమట్టాలో మన శామీర్‌పేట కుర్రవాడు విన్నది ఆ గగ్గోలు మిగిల్చిన ప్రతిధ్వనినే.

పేరులో ఏమున్నదని తేలికగా తీసేయరాదు. ఫ్రాన్సులో హిట్లరుకు లొంగిన విషీ ప్రభుత్వం 1941 డిసెంబరులో రగ్బీ లీగును నిషేధించి, దాని ఆస్తిని జప్తు చేసింది. ఫాసిజం కూలిన తరువాత ఆట తిరిగి మొదలైంది గాని, రగ్బీ అనే మాట వాడుకొనే హక్కు దశాబ్దాల తరబడి దానికి దక్కలేదు. పదముగ్గురి ఆట అని చెప్పుకొమ్మన్నారు. ఆస్తిని పోగొట్టుకున్నవానికి పేరును కూడా పోగొట్టుకోవడమంటే ఏమిటో ఆ ఆటవారికి తెలుసు. అందుకనే పేరు విషయంలో వారి మంకుపట్టును నేను పూర్తిగా తప్పుపట్టలేను.

మన దేశానికి వద్దాం. ఈ మాట మనకు వచ్చింది పటాలాల వెంట. 1873లో తెల్లవారు స్థాపించిన కలకత్తా ఫుట్‌బాల్ క్లబ్బు నిజానికి ఆడినది రగ్బీ. అది మూతపడినప్పుడు క్లబ్బు నిధిలోని వెండిరూపాయలను కరిగించి చేసిన కప్పుకోసమే 1879 నుంచి ఇంగ్లండు, స్కాట్లండు జట్లు పోటీపడుతున్నాయి. మన రూపాయలు, వారి కప్పు! కాని ఆ ఆట మన నేలమీద పాతుకోలేదు. బంతి ఒక్కటుంటే చాలు, చెప్పులు కూడా అక్కర్లేని కాలి ఆటనే మన జనం తీసుకున్నారు. 1911 జూలై 29న కలకత్తాలో, ఒక్కరు తప్ప అందరూ ఉత్తకాళ్ళతో ఆడిన మోహన్ బగాన్ జట్టు ఈస్ట్ యార్క్‌షైర్ పటాలాన్ని 2–1తో ఓడించింది. ఆ పటాలం ఏ ప్రాంతం పేరు పెట్టుకున్నదో ఆ ప్రాంతపు హల్ రేవు, రగ్బీ లీగుకు కంచుకోట. ఫుట్‌బాల్ అనే మాట ఆ రోజు నుంచి మన దేశంలో జాతీయోద్యమపు మాట కూడా అయింది.

మేడ్చల్ నుంచి సికింద్రాబాదు పోయే దారిలో బొల్లారం, అల్వాల్, తిరుమలగిరి వస్తాయి. అవన్నీ కంటోన్మెంటు ఊళ్ళు. ఆ పక్కనున్న అమ్ముగూడలో 1936లో ఒక పేద తమిళ కుటుంబంలో తులసీదాస్ బలరాం పుట్టాడు. తెలుగు, తమిళం, ఉర్దూ కలిసి మాట్లాడుకొనే ఆ బస్తీలలో ఆట ఒక్కటే ఉమ్మడి భాష. ఈ పిల్లలను జట్టుగా మలచినవాడు మన వృత్తివాడే, సయ్యద్ అబ్దుల్ రహీమ్. ఉస్మానియాలో చదివి బడిపంతులుగా పనిచేశాడు. 1943 నుంచి హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి. 1950 నుంచి హైదరాబాద్ సిటీ పోలీసు జట్టుకు శిక్షకుడు. ఆ జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదేళ్ళు బొంబాయి రోవర్స్ కప్పు గెలిచింది. రహీమ్ తయారుచేసిన భారత జట్టు 1951 ఢిల్లీ, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం తెచ్చింది. 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్సులో ఆస్ట్రేలియాను 4–2తో ఓడించి నాలుగో స్థానం సాధించింది. బలరాం, పీటర్ తంగరాజ్ వంటి మన నగరపు బిడ్డలు ఆ జట్టులో ఉన్నారు. ఫుట్‌బాల్ అంటే ఇది కాదనే నగరానికి పోయి, ఆ దేశపు జట్టునే ఓడించి వచ్చారన్నమాట. 1963 జూన్‌లో రహీమ్ మరణించాడు.

ఇక్కడ మనం చూడవలసిన సంగతి మరొకటి ఉన్నది. హైదరాబాదు ఆటగాడు బతికింది పోలీసులో, రైల్వేలో, సైన్యంలో, ప్రభుత్వ కర్మాగారాల్లో దొరికిన కొలువుతో. హడర్స్‌ఫీల్డ్ శ్రామికులు కొట్లాడి తెచ్చుకున్న ఆరు షిల్లింగులకు మన దగ్గర రూపం ఆ కొలువే. ఇది చెప్పుకోవడానికి కొంచెం ఇబ్బంది కూడా ఉన్నది. 1950లో సిటీ పోలీసు జట్టు బొంబాయిలో కప్పు ఎత్తే నాటికి తెలంగాణ రైతాంగం మీద ప్రభుత్వ సాయుధబలగాల దమనకాండ సాగుతూనే ఉన్నది. ఒక చేత్తో అణచిన రాజ్యం మరో చేత్తో పేదబిడ్డకు కొలువిచ్చింది. చరిత్ర మనకు నచ్చిన వైపునుంచే నడవదు. ఐనా కొలువు పోతే ఆట పోతుందన్నది మాత్రం నిజమైంది. ప్రభుత్వ సంస్థల్లో ఆటగాళ్ళ నియామకాలు సన్నగిల్లిన కొద్దీ మన నగరపు ఆట సన్నగిల్లింది. 2019లో పుట్టిన హైదరాబాద్ ఎఫ్‌సీ 2022 మార్చిలో దేశపు పెద్ద పోటీ గెలిచింది. 2025లో కొత్త పేరుతో ఢిల్లీకి తరలిపోయింది. 1903లో బ్రాడ్‌ఫర్డ్‌లో జనాన్ని అడగకుండా ఆటను మార్చారు. ఇక్కడ జనాన్ని అడగకుండా ఊరినే మార్చారు.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వస్తాను. పేరు ఎవరిది? నా దృష్టిలో ఒక మాట విశేషణం లేకుండా ఎవరికి దక్కుతుందో వారిది పెత్తనం. మిగతావారు తమ పేరుకు ముందో వెనకో ఒక తోక తగిలించుకోవాలి. మేడ్చల్ బస్టాండులో ఎవరైనా ఈ రోజు మ్యాచ్ ఉందంటే అది క్రికెట్టే. కాలి ఆటవాడు ఫుట్‌బాల్ మ్యాచ్ అని విప్పి చెప్పాలి. తెలుగునాట చెడుగుడు అని, బెంగాలులో హడూడూ అని, మహారాష్ట్రలో హుతుతు అని ఊరూరా పేరున్న ఆటకు 1950లో ఏర్పడిన అఖిల భారత సంఘం కబడ్డీ అనే ఒక్క పేరునే ఖాయం చేసింది. ఆట ఆసియా క్రీడల దాకా పోయినందుకు సంతోషమే. కాని చెడుగుడు అనే మాట మా విద్యార్థులకు నిఘంటువులో చూపించవలసి వస్తున్నది. ఇంకా దగ్గరగా చూస్తే, రెండుమూడు కోస్తా జిల్లాల చదువుకున్నవారి మాట చాలాకాలం ఉత్త తెలుగు. మా మేడ్చల్ మాట తెలంగాణ యాస. వారిది సాహిత్యం, మిగతావారిది దళిత సాహిత్యం, స్త్రీల సాహిత్యం. ప్రశ్న అడిగిన ఆ విద్యార్థి ఉరికే అన్న మాటను పరీక్షలో పరుగెత్తే అని దిద్దిన ఎర్రసిరా నాదే. పారమట్టాలో అతని అన్నను సరిదిద్దినవారికీ, నాకూ ఆ క్షణాన తేడా లేదు.

కనుక రగ్బీ లీగ్ అభిమాని బాధ నాకు అర్థమవుతున్నది. తోకలేని పేరు పోతే తాను కనపడకుండా పోతానని అతని భయం. ఆ భయం చరిత్ర పెట్టిన భయమే. తప్పు అతను గురిపెట్టిన చోట ఉన్నది. అతని పేరును, పూటకూలిని, మైదానాన్ని తీసుకున్నవాడు సాకరు ఆడే వలసకూలీ కాదు.

మా మేడ్చల్, శామీర్‌పేటల్లో ఇది మాటల తగాదాగా మిగలలేదు. అవుటర్ రింగురోడ్డు రెండు ఊళ్ళనూ తాకి పోతున్నది. పంట కోసిన తరువాత పిల్లలు బంతాడిన చెలకల్లో హద్దురాళ్ళు లేచాయి. కొంత నేలలో వలలు కట్టి, ఆకుపచ్చ చాప పరచి, గంటకింత అని అద్దెకిస్తున్నారు. సాయంత్రాలు అక్కడ క్రికెట్ ఆడే పిల్లలకూ, ఫుట్‌బాల్ ఆడే పిల్లలకూ ఎవరి వంతు ముందన్న దానిమీద తగాదా పడుతుంది. డబ్బు తీసుకొనేవాడు ఇద్దరి దగ్గరా తీసుకుంటాడు. అద్దె ఇవ్వలేని పిల్లలు వల బయట నిలబడి చూస్తారు. వారికి ఏ ఆట పేరుతోనూ నిమిత్తం లేదు.

ఆ విద్యార్థికి నేను చెప్పగల జవాబు ఇది. ఫుట్‌బాల్ అనే మాట అర్థం కొన్నిచోట్ల సంకోచించింది, కొన్నిచోట్ల వ్యాకోచించింది. దాన్ని కుదించినవాడు పండితుడు కాడు, గేటు దగ్గర టిక్కెట్టు కోసేవాడు. మీ అన్న ఆ పారమట్టా మిత్రులకు 1895 సంగతి తమకు తెలుసా అని అడగాలి. తరువాత మన రహీమ్ మాస్టారు సంగతి చెప్పాలి. పోయిన పనిపూటకు కూలి అడిగినవారి మనుమలూ, ఉత్తకాళ్ళతో పటాలాన్ని ఓడించినవారి మనుమలూ ఒకరినొకరు గుర్తుపట్టడానికి అంతకంటె మంచి మార్గం లేదు. ఇక్కడ మనం చేయవలసిన పని వేరే ఉన్నది. ప్రతి ఊరికి, అద్దె లేని, వల లేని మైదానం ఒకటి ఉండాలని అడగాలి. అది దక్కితే దానిలో ఆడే ఆటకు పిల్లలు తమ నోటికి వచ్చిన పేరు పెట్టుకుంటారు. ఆ పేరును ఎర్రసిరాతో దిద్దే పనికి మాత్రం నేను మళ్ళీ పూనుకోను.